లవం ఏ ఊరిది, హారం ఏ ఊరిది? వయసువారీ మరణాల రేటుపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మరణాల రేటును వయసువారీగా ఎలా కట్టాలో చెప్పమని నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ప్రశ్నలు వచ్చాయి. అడిగినవారిలో ఎక్కువ మంది ఆరోగ్య ఉపకేంద్రాల్లో, పంచాయతీల్లో పనిచేసేవాళ్లు, వైద్య కళాశాలల విద్యార్థులు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ఉదాహరణల్లో వాడిన జనాభా, మరణాల అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. అవి ఏ ఊరివీ, ఏ మండలానివీ కావు.

ప్రశ్న: మా మండలానికి వయసువారీ మరణాల రేటు కట్టి ఇవ్వమన్నారు. భాగహారం చేయడం తెలుసు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు.
– ఏఎన్‌ఎం, దేవరకొండ

ఒక ఏడాదిలో ఒక వయసు గుంపులో ఎంతమంది చనిపోయారో, ఆ సంఖ్యను అదే ఏడాది నడుమ అదే వయసు గుంపులో ఉన్న జనంతో భాగించి వెయ్యితో గుణించాలి. సూత్రం ఇంతే. కష్టమంతా ఆ రెండు అంకెలను ఎక్కడి నుంచి తెస్తామన్న దగ్గరే ఉంటుంది. గీత పైన ఉన్నవాళ్లు, గీత కింద ఉన్నవాళ్లు ఒకే ఊరి జనం, ఒకే ఏడాది జనం, ఒకే పద్ధతిలో వయసు రాయించుకున్న జనం అయి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా భాగహారం సరిగ్గా వస్తుంది, రేటు మాత్రం తప్పవుతుంది.

ముందు లవం, అంటే గీత పైన వచ్చే అంకె. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా జరిగిన మరణాలను తీసుకోండి. చూడాల్సింది చనిపోయిన తేదీని, రిజిస్టరులో ఎక్కిన తేదీని కాదు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలియజేయాలి, ఆ తర్వాత కూడా రుసుముతో, అనుమతితో నమోదు చేయించుకోవచ్చు. అందుకే డిసెంబర్ మరణాల్లో చాలా వరకు జనవరిలో కనిపిస్తాయి. కొన్ని ఇంకా ఆలస్యంగా, వారసత్వ పత్రమో భూమి మార్పిడో అవసరమైనప్పుడు బయటికొస్తాయి. జనవరి మొదటి వారంలోనే లెక్క మూసేస్తే ఏడాది చివరి మరణాలు తప్పిపోతాయి. కనీసం మార్చి చివరి దాకా ఆగి పుస్తకం మళ్లీ చూడండి.

తర్వాత హారం, అంటే గీత కింద వచ్చే అంకె. ఏడాది నడుమ అంటే జూలై 1 నాటి జనం. ఆ రోజున లెక్క తీయకపోతే ఏడాది మొదటి జనాభాను, చివరి జనాభాను కూడి సగం చేస్తే సరిపోతుంది. ఏడాది నడుమే ఎందుకంటే, జనవరిలో ఉన్నవాళ్లలో కొందరు చనిపోతారు, కొందరు పుడతారు, కొందరు ఒక వయసు గుంపులోంచి పై గుంపులోకి జరుగుతారు. మనకు కావలసింది ఆ గుంపు మొత్తం కలిసి బతికిన ఏళ్ల సంఖ్య. దానికి దగ్గరగా ఉండే అంకె ఏడాది నడుమ జనాభా.

50,000 జనమున్న మండలానికి లెక్క ఇలా వస్తుంది:

0–4 ఏళ్లు: జనం 4,000, మరణాలు 24, రేటు 6.0
5–14: జనం 8,000, మరణాలు 4, రేటు 0.5
15–29: జనం 13,000, మరణాలు 16, రేటు 1.2
30–44: జనం 11,000, మరణాలు 33, రేటు 3.0
45–59: జనం 8,000, మరణాలు 72, రేటు 9.0
60–74: జనం 4,800, మరణాలు 144, రేటు 30.0
75, ఆపైన: జనం 1,200, మరణాలు 108, రేటు 90.0

మొత్తం మరణాలు 401. వయసు చూడకుండా వీటిని మొత్తం జనంతో భాగిస్తే వచ్చే ముడి మరణాల రేటు వెయ్యికి 8.02. ఏడు రేట్లను కూడి ఏడుతో భాగిస్తే ఈ 8.02 రాదు. ఒక్కో గుంపులో జనం ఒక్కో తీరుగా ఉన్నారు కాబట్టి రేట్ల సగటు కట్టకూడదు. ఈ పొరపాటు నివేదికల్లో తరచూ కనిపిస్తుంది.

రేట్లు వచ్చాక వాటిని వరసగా ఒకసారి పైనుంచి కిందికి చదవండి. చంటిపిల్లల్లో ఎక్కువ, బడి వయసులో అట్టడుగు, ఆ తర్వాత మెల్లగా పెరుగుతూ ముసలితనంలో నిటారుగా లేవడం మామూలు. మీ అంకెలు ఈ వంపు తిరగకపోతే జబ్బుల కోసం వెతికే ముందు రిజిస్టరును అనుమానించండి. ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగా కూడా కట్టండి. 15–44 వయసులో ఇద్దరి రేట్లూ ఒకటిగా ఉండవు. కలిపి కడితే రోడ్డు ప్రమాదాలు, కాన్పు మరణాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి.

వయసు రాయని మరణాలు కొన్ని మిగులుతాయి. వాటిని పారేయకండి. వయసు తెలిసిన మరణాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో అదే నిష్పత్తిలో గుంపులకు పంచి, ఎన్ని పంచారో నివేదిక కింద ఒక వాక్యం రాయండి.

ప్రశ్న: జనాభాకు 2011 లెక్కల అంకెలనే వాడొచ్చా? జిల్లా పుస్తకంలో ఉన్నవి అవే.
– వైద్య విద్యార్థిని, నల్లగొండ

ఉన్నవి ఉన్నట్టుగా వాడకూడదు. కారణాలు రెండు.

మొదటిది హద్దులు. 2011 లెక్కల్లో నల్లగొండ జిల్లా జనాభా 34,88,809, మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40,53,028. అవి పాత జిల్లాలు. 2016 అక్టోబర్ 11న నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌కు పోయాయి. ఇప్పటి జిల్లా మరణాలను పాత జిల్లా జనాభాతో భాగిస్తే రేటు సగానికి సగం పడిపోయినట్టు కనిపిస్తుంది. ఒక్క ప్రాణమూ అదనంగా నిలబడి ఉండదు. కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి కాబట్టి 2011 నాటి గ్రామాలవారీ అంకెలు తీసుకుని ఇప్పటి హద్దుల ప్రకారం కూడుకోవాలి. అయితే గ్రామాలవారీ పట్టికలో 0–6 ఏళ్ల పిల్లల సంఖ్య తప్ప మిగతా వయసులు విడిగా ఉండవు. ఐదేళ్ల గుంపుల వయసు పట్టిక, అంటే సి–14, పాత జిల్లాల స్థాయిలో దొరుకుతుంది.

రెండోది కాలం. 2011 లెక్కలు మార్చి 1 నాటివి. అప్పుడు 0–4 ఏళ్లున్న పిల్లలు 2024 జూలై 1 నాటికి 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యారు. జిల్లా మొత్తం ఇంత శాతం పెరిగిందని ప్రతి వయసు గుంపునూ అంతే శాతం పెంచేస్తే రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. కాన్పులు తగ్గుతున్నాయి కాబట్టి చిన్నపిల్లల హారం ఉన్నదానికంటే పెద్దదై వారి మరణాల రేటు తక్కువగా కనిపిస్తుంది. ముసలివాళ్లు వేగంగా పెరుగుతున్నారు కాబట్టి వారి హారం చిన్నదై రేటు ఎక్కువగా కనిపిస్తుంది.

రాష్ట్రాలవారీగా 2011 నుంచి 2036 దాకా జనాభా అంచనాలను జాతీయ జనాభా కమిషన్ నియమించిన సాంకేతిక బృందం కట్టింది. 2020లో వచ్చిన ఆ నివేదికలో తెలంగాణకు విడిగా ఐదేళ్ల గుంపుల పట్టికలున్నాయి. జిల్లా స్థాయి లెక్కకు ఆ వయసు వాటాలు పనికొస్తాయి. మండలానికి వచ్చేసరికి మాత్రం, అందులోనూ జనం వలసపోయే మండలానికి, రాష్ట్ర వాటాలను అంటించడం మాకు సమ్మతం కాదు. సుమారు వెయ్యి మంది జనానికి ఒక ఆశా కార్యకర్త ఉంటారు. వారి ఇంటింటి పుస్తకాలను ఒక తేదీ పెట్టుకుని సరిచూసుకుంటే 50,000 మంది మండలానికి నిజమైన హారం దొరుకుతుంది. శ్రమ ఎక్కువే. అయినా మిగతా లెక్కంతా దాని మీదే నిలబడాలి.

ప్రశ్న: మా ఊళ్లలో సగం ఇండ్లకు తాళాలే. పడుచువాళ్లు హైదరాబాద్, ముంబై, పుణె పోయి పనిచేస్తరు. పంచాయతీ పుస్తకంలో 20–39 వయసు మరణాలు చాలా తక్కువ కనిపిస్తున్నయి. ఇది నిజమేనా?
– పంచాయతీ కార్యదర్శి, నారాయణపేట జిల్లా

చాలా మటుకు నిజం కాదు. పాలమూరు లెక్కల్లో అన్నిటికంటే ముందు చూడాల్సిన చిక్కు ఇదే.

చట్టం ప్రకారం మరణం జరిగిన చోటే నమోదు కావాలి. నారాయణపేట మనిషి ముంబై పనిచోట పోతే నమోదు అక్కడే. నల్లగొండ మనిషి హైదరాబాద్ పెద్దాసుపత్రిలో పోతే నమోదు హైదరాబాద్‌లో. శవాన్ని సొంతూరికి తెచ్చి దహనమో ఖననమో చేస్తారు గానీ ఊరి పుస్తకంలో ఆ పేరు ఉండదు. ఇంట్లో మాత్రం అతని పేరు జనాభాలో ఉంటుంది. కింద అతన్ని లెక్కించి పైన వదిలేశామన్నమాట, రేటు తగ్గుతుంది. హైదరాబాద్‌లో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. అక్కడి వాళ్లు కాని మరణాలు వాళ్ల లవంలో చేరతాయి.

దారులు రెండున్నాయి, ఏదో ఒకటే పట్టుకోవాలి. 20–39 వయసులో వెయ్యి మంది ఇంటి పుస్తకాల్లో ఉన్నారనుకుందాం. వారిలో 400 మంది ఏడాదిలో ఎనిమిది నెలలు బయటే ఉంటారు. ఊళ్లో ముగ్గురు చనిపోయారు, బయట ఇద్దరు చనిపోయారు.

ఒక దారి: సొంతూరి లెక్క. వెయ్యి మందీ మనవాళ్లే, ఐదు మరణాలూ మనవే. రేటు వెయ్యికి 5.0.

రెండో దారి: ఊళ్లో గడిపిన కాలం లెక్క. 600 మంది నిండా ఏడాది ఉన్నారు. మిగతా 400 మంది నాలుగు నెలల చొప్పున ఉన్నారు, అంటే 400ను 4తో గుణించి 12తో భాగిస్తే 133 ఏళ్లు. మొత్తం 733 మనిషి–ఏళ్లు. ఊళ్లో జరిగిన మూడు మరణాలను దీనితో భాగిస్తే వెయ్యికి 4.1.

రెండూ సరైనవే, చెప్పే సంగతులు వేరు. మొదటిది ఆ ఊరి బిడ్డలకు ఎక్కడున్నా పొంచి ఉన్న ముప్పు. రెండోది ఊళ్లో ఉన్నప్పటి ముప్పు. మీ పుస్తకంలో జరిగింది మూడో పని: మూడు మరణాలను వెయ్యితో భాగించారు, 3.0 వచ్చింది. ఆ అంకెకు అర్థం లేదు. ప్రమాదాల్లో, కట్టడాల మీదినుంచి పడి పోయిన పడుచువాళ్లు ఆ 3.0లో కనిపించకుండా పోతారు. వలస ఊళ్లకు మొదటి దారే మేలని మా అభిప్రాయం, ఎందుకంటే ఆ కుటుంబాల నష్టాన్ని లెక్కలోకి తెచ్చే మరో పుస్తకం ఎక్కడా లేదు.

బయట జరిగిన మరణాలను పట్టుకోవడానికి ఒక్క పుస్తకం చాలదు. ఆశా రాసుకున్న జాబితా, వైకుంఠధామం దగ్గరి వివరాలు, రేషన్ కార్డులోంచి తీసేసిన పేర్లు, ఆగిపోయిన పింఛన్లు, రైతు బీమా క్లెయిములు పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చనిపోయిన తేదీ – ఈ నాలుగింటిలో మూడైనా కలిస్తే ఒకే మనిషిగా తీసుకుని ఇల్లు అడిగి తేల్చుకోండి. లేకపోతే ఆసుపత్రి కాగితంలో ఒకసారి, ఊరి జాబితాలో ఒకసారి, అదే మనిషి రెండుసార్లు లెక్కలోకి వస్తాడు.

ప్రశ్న: అన్ని జాబితాలూ కలిపినా ఇంకా కొన్ని మరణాలు తప్పిపోయాయేమోనని అనుమానం. ఎన్ని తప్పిపోయాయో అంచనా కట్టే వీలుందా?
– అదే కార్యదర్శి

ఉంది. 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ చూపిన పద్ధతి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయని రెండు జాబితాలు కావాలి. పంచాయతీలో 80 మరణాలు, ఆశాల దగ్గర 90 మరణాలు ఉన్నాయి, రెండింటిలోనూ ఉన్నవి 72 అనుకోండి. 80ని 90తో గుణించి 72తో భాగిస్తే 100. రెండు జాబితాలూ కలిపి మనకు దొరికినవి 98 కాబట్టి సుమారు రెండు తప్పిపోయాయి.

అన్ని వయసులకూ కలిపి ఈ లెక్క చేసి సంతృప్తి పడకండి, గుంపులవారీగా చేయండి. చంటిపిల్లల మరణాలు పంచాయతీలో 4, ఆశా దగ్గర 6, రెండింటిలోనూ 3 ఉంటే అంచనా 8. దొరికింది 7. అన్ని వయసులూ కలిపితే నూటికి రెండే తప్పిపోయిన చోట, చంటిపిల్లల్లో ఎనిమిదిలో ఒకటి తప్పిపోయింది. ఆస్తి లేని ముసలమ్మ, పేరైనా పెట్టని పసికందు రెండు జాబితాల్లోనూ ఉండకపోయే అవకాశం ఎక్కువ. అలా ఇద్దరి చూపూ పడనివాళ్లున్న చోట ఈ పద్ధతి కూడా నిజం కంటే తక్కువే చూపిస్తుంది. పంచాయతీ జాబితాను ముందు పెట్టుకుని ఆశా రాస్తే రెండూ దాదాపు ఒకటిగా కలిసిపోయి, ఏమీ తప్పిపోలేదని లెక్క చెబుతుంది. అది మోసం చేసే లెక్క.

దేశంలో రాష్ట్రాలవారీ మరణాల రేట్లు ఇచ్చే నమూనా నమోదు పద్ధతి, ఎస్‌ఆర్‌ఎస్, ఈ రెండు కళ్ల సూత్రం మీదే నడుస్తుంది. 1964–65లో ప్రయోగంగా మొదలై 1969–70లో పూర్తి స్థాయికి వచ్చింది. ఒకరు ఏడాది పొడవునా రాసుకుంటూ పోతారు, ఆరు నెలలకోసారి ఇంకొకరు విడిగా ఇంటింటికీ తిరుగుతారు, రెండింటినీ జతచేసి కలవనివాటిని మళ్లీ వెళ్లి తేల్చుతారు. ఎస్‌ఆర్‌ఎస్ రేట్లు రాష్ట్ర స్థాయివి. వాటిని తెచ్చి జిల్లాకో మండలానికో అంటించకండి.

ప్రశ్న: మా మండలంలో 55–59 ఏళ్ల మరణాల రేటు 60–64 కంటే ఎక్కువ వచ్చింది. మూడుసార్లు కూడి చూశాం, తప్పు లేదు.
– ఆరోగ్య పర్యవేక్షకుడు, మునుగోడు

కూడికలో తప్పు లేకపోవచ్చు. పెద్ద వయసులో ఐదేళ్లు పైకి జరిగితే రేటు పెరగడం మామూలు, తగ్గిందంటే వయసులు అటూఇటూ అయ్యాయని అర్థం.

ముందు రెండు అంకెలూ ఏ కాగితాల నుంచి వచ్చాయో చూడండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15 నుంచి అమలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు వర్తిస్తుంది, చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు. కాబట్టి 59 లోపు మరణం వెంటనే, పత్రాలతో సహా నమోదవుతుంది. 60 దాటిన మరణానికి ఆ తొందర లేదు. ఒక గుంపులో దాదాపు అన్నీ ఎక్కి, పక్క గుంపులో కొన్ని ఎక్కకపోతే మీకొచ్చిన ఫలితమే వస్తుంది. మరోవైపు ఆసరా వృద్ధాప్య పింఛన్ అర్హత మొదట 65 ఏళ్లు, తర్వాత 57కి తగ్గింది. ఇంటి పుస్తకంలో నోటిమాటగా చెప్పిన వయసు, మరణ పత్రంలో ఆధార్ వయసు ఉంటే ఒకే మనిషి కింద ఒక గుంపులో, పైన ఇంకో గుంపులో పడతాడు. దీనికి ఎవరినీ నిందించాల్సిన పని లేదు. వయసు పైనా కిందా ఒకే కాగితం నుంచి తీసుకుంటే చాలు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1గా ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపిస్తే, అవి వయసు అడిగి అంచనాగా వేసిన తేదీలని గుర్తుంచుకోండి.

తర్వాత గుండ్రటి అంకెల సంగతి. “అరవై పడ్డయి” అన్న మనిషికి 57 ఉండొచ్చు, 63 ఉండొచ్చు. 23 నుంచి 62 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లందరినీ లెక్కించి, వారిలో వయసు 25, 30, 35 అంటూ 60 దాకా సున్నాతోనో ఐదుతోనో ముగిసేవాళ్లను వేరు చేయండి. వెయ్యి మందిలో అలాంటివాళ్లు 320 మంది ఉంటే 320ని ఐదుతో గుణించి వెయ్యితో భాగించి వందతో గుణించాలి. 160 వస్తుంది. దీన్ని విపుల్ సూచిక అంటారు. 100 అయితే గుండ్రటి అంకెల మొగ్గు లేనట్టు, 500 అయితే అందరూ గుండ్రంగానే చెప్పినట్టు. 125 దాటితే వయసులు మోటుగా ఉన్నాయని ఐక్యరాజ్యసమితి కొలమానం. 160 ఉన్న చోట ఐదేళ్ల గుంపులు కట్టి పట్టుకుని వేలాడటం దండగ, 15 ఏళ్ల గుంపులు చేయండి.

వయసు అడిగే తీరు కూడా మార్చాలి. మనవాళ్లు “ఏడో ఏడు నడుస్తుంది” అంటారు. లెక్కకు కావలసింది నిండిన ఏళ్లు, అంటే ఆరు. పెద్దవాళ్లను ఎన్నేళ్లని అడగకుండా ఊరికి తెలిసిన సంఘటనలతో అడగండి. రజాకార్ల లొల్లప్పుడు, అంటే 1948లో, ఎత్తుకునే వయసా, నడిచే వయసా? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో పునాది రాయి వేసేనాటికి బర్రెలు కాసేవాడా? 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా? ఇందిరాగాంధీ చనిపోయిన 1984లో పెద్దకొడుకు ఎంతవాడు? రెండు మూడు గుర్తులు కలిస్తే వయసు రెండు మూడేళ్ల తేడాలో దొరుకుతుంది. చనిపోయినవారి వయసు ఇంటివాళ్లను అడిగేటప్పుడు కూడా ఇదే పద్ధతి వాడాలి.

ప్రశ్న: శిశు మరణాల రేటుకు జనాభాతో కాకుండా పుట్టినవాళ్లతో ఎందుకు భాగిస్తారు? 0–4 రేటు, ఐదేళ్లలోపు మరణాల రేటు ఒకటేనా?
– నర్సింగ్ విద్యార్థిని, మహబూబ్‌నగర్

ఏడాది నిండని పిల్లల సంఖ్య ఇంటి లెక్కల్లో సరిగా రాదు. కొందరిని రాయించరు, కొందరిని ఏడాది పిల్లలుగా రాయిస్తారు. పైగా మొదటి ఏడాది మరణాల్లో పెద్ద వాటా పుట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. అందుకే హారంగా ఆ ఏడాది సజీవ జననాలను తీసుకుంటారు.

మొదటి ప్రశ్నలోని మండలాన్నే చూడండి. అక్కడ ఏడాదికి 800 సజీవ జననాలు, 0–4 మరణాలు 24, వాటిలో ఏడాది లోపువి 16 అనుకుందాం. శిశు మరణాల రేటు 16ను 800తో భాగించి వెయ్యితో గుణిస్తే 20. ఐదేళ్లలోపు మరణాల రేటు 24 భాగహారం 800, అంటే 30. 0–4 వయసువారీ రేటు మాత్రం 24 భాగహారం 4,000, అంటే 6. ఈ 6 ఒక ఏడాదిలో ఉండే ముప్పు. 30 అన్నది పుట్టిన బిడ్డ ఐదో పుట్టినరోజు చూడకుండా పోయే ముప్పు, అంటే ఐదేళ్ల ముప్పు. 6ను పట్టుకుని మా మండలంలో పిల్లల మరణాలు రాష్ట్రంలో ఐదో వంతేనని రాసేవాళ్లున్నారు. రెండు వేర్వేరు కొలతలను పోల్చడం వల్ల వచ్చే తప్పది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తొలి కాన్పు పుట్టింట్లో. బిడ్డ పుట్టుక అమ్మగారి ఊరి దగ్గరి ఆసుపత్రిలో నమోదవుతుంది, మూడో నెలలో అత్తగారి ఊరికి వచ్చాక ఏమైనా జరిగితే మరణం ఇక్కడ నమోదవుతుంది. తల్లి ఎక్కడ నివాసమో ఆ ఊరికే జననాన్నీ, మరణాన్నీ రెండింటినీ రాసుకోండి. నమోదు ఫారంలో నివాస గ్రామం గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.

మరొకటి చాలా ముఖ్యం. పుట్టాక ఊపిరి తీసుకున్నా, గుండె కొట్టుకున్నా, బొడ్డుతాడు అదిరినా, కాలో చెయ్యో కదిలినా అది సజీవ జననమే. అర్ధగంట బతికిన బిడ్డను చనిపోయి పుట్టినట్టు రాస్తే ఆ బిడ్డ జననాల్లోనూ లేదు, మరణాల్లోనూ లేదు. ఏ లెక్కలోనూ లేని ఆ బిడ్డ కోసం ఎవరూ ఏ వసతీ పెంచరు.

ప్రశ్న: మా ఊరి జనం రెండు వేలు. 60 దాటినవాళ్లు 240 మంది. నిరుడు వాళ్లలో నలుగురు పోతే ఈ ఏడు తొమ్మిది మంది పోయారు. రెట్టింపు దాటింది. ఏదో జరుగుతున్నట్టా?
– పాఠకుడు, అచ్చంపేట

రేట్లు వెయ్యికి 16.7, 37.5. చూడగానే గుండె గుభేలుమంటుంది. ఈ పరీక్ష చేయండి. రెండేళ్లలో కలిపి 13 మరణాలు. రెండేళ్లూ ముప్పు సమానమే అయితే, ఒక్కో మరణం ఏ ఏడాదిలో పడిందన్నది రూపాయి బిళ్ల ఎగరేసినట్టే. బిళ్లను 13 సార్లు ఎగరేస్తే 9–4 గానీ అంతకంటే ఎక్కువ తేడా గానీ వచ్చే అవకాశం సుమారు 27 శాతం. నాలుగు ఊళ్లలో ఒక ఊరికి ఏ కారణమూ లేకుండానే ఇలా జరుగుతుంది.

మరణాలు కొద్దిగా ఉన్నప్పుడు రేటు పక్కన దాని ఊగిసలాట కూడా రాయాలి. 9 మరణాలకు 95 శాతం హద్దులు 4.1 నుంచి 17.1, అంటే రేటు వెయ్యికి 17 నుంచి 71 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 4 మరణాలకు 1.1 నుంచి 10.2, రేటు 4.5 నుంచి 43. ఒకదాని మీద ఒకటి ఎంతగా పరుచుకున్నాయో చూడండి. సున్నా మరణాలు వచ్చినా రేటు సున్నా అనుకోవద్దు. పై హద్దు 3.7 మరణాలు. 400 మంది పిల్లల్లో ఆ ఏడాది ఒక్కరూ పోకపోయినా అసలు రేటు వెయ్యికి 9 దాకా ఉండొచ్చు. ఒక గుంపులో 20 కంటే తక్కువ మరణాలుంటే ఆ రేటును విడిగా ప్రకటించకుండా మూడు నుంచి ఐదేళ్లవి కలపండి, లేదా పక్క ఊళ్లను కలపండి. ఏళ్లు కలిపితే హారంలో కూడా అన్నేళ్ల జనాభా కూడాలి. ఐదేళ్ల మరణాలను ఒక్క ఏడాది జనాభాతో భాగించినవాళ్లూ ఉన్నారు.

అలాగని తొమ్మిది మరణాలను ఊగిసలాటని పక్కన పెట్టేయకండి. ఒకే వారంలో మూడు మరణాలు జరిగితే, ఎండలు మండుతున్న మే నెలలోనే అయిదు పడితే, వాంతులు విరేచనాలు అన్న మాట రెండిళ్లలో వినిపిస్తే, రేటు కోసం ఏడాది చివరి దాకా ఎదురుచూడకూడదు. ఆ రోజే పీహెచ్‌సీకి చెప్పి ఒక్కో మరణాన్ని విడివిడిగా విచారించాలి. రేట్లు నెమ్మదిగా కదిలే మార్పులను చూడటానికి పనికొచ్చే కొలత.

ప్రశ్న: మా మండలం ముడి మరణాల రేటు పక్క పట్టణం కంటే ఎక్కువ. పట్టణంలో వైద్యం బాగుందని అర్థమా?
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

వయసువారీగా చూడకుండా చెప్పలేం. మీ మండలంలో 0–29 వాళ్లు 25,000, మరణాలు 44. 30–59 వాళ్లు 19,000, మరణాలు 105. 60 దాటినవాళ్లు 6,000, మరణాలు 252 అనుకోండి. ముడి రేటు 8.0. పట్టణంలో అవే గుంపుల్లో 28,000 మందికి 56, 19,000 మందికి 114, 3,000 మందికి 135 మరణాలు. ముడి రేటు 6.1.

ఇప్పుడు గుంపులవారీగా చదవండి. మీ మండలం: 1.76, 5.5, 42. పట్టణం: 2.0, 6.0, 45. మూడు వయసుల్లోనూ పట్టణంలోనే మరణాలు ఎక్కువ! పడుచువాళ్లు పట్టణానికి పోయారు, ముసలివాళ్లు ఊళ్లో మిగిలారు, అందుకే ముడి రేటు తలకిందులైంది.

ఒకే అంకెతో పోల్చాలంటే రెండు చోట్లకూ ఒకే వయసు కూర్పు ఇవ్వాలి. ఇక్కడ రెండు జనాభాలనూ కలిపి ప్రామాణికంగా తీసుకుందాం: 53,000, 38,000, 9,000. మీ రేట్లు ఆ జనానికి వర్తింపజేస్తే 93, 210, 378 మరణాలు, మొత్తం 681, లక్ష జనానికి. అంటే వెయ్యికి 6.8. పట్టణం రేట్లతో 106, 228, 405, మొత్తం 739, వెయ్యికి 7.4. ఈ 6.8, 7.4 పోల్చుకోవడానికి మాత్రమే. మీ మండలంలో నిజంగా వెయ్యికి 6.8 మందే పోయారని రాయకూడదు. ప్రామాణిక జనాభా మారితే ఈ అంకెలు కూడా మారతాయి కాబట్టి ఏది వాడారో తప్పక చెప్పాలి. బయటి ప్రాంతాలతో పోల్చేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జనాభా వాడండి.

ప్రశ్న: ఫ్లోరైడ్ ఊళ్లలో వయసువారీ మరణాల రేటు కడితే ఆ నష్టం బయటపడుతుందా?
– పాఠకురాలు, మర్రిగూడ

పడదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్, నడుము వంచుతుంది, కీళ్లు బిగించేస్తుంది, మనిషిని దశాబ్దాలపాటు మంచానికి కట్టేస్తుంది. మరణ కారణంగా మాత్రం దాదాపు ఎక్కడా రాయరు. ఈ కొలతతో చూస్తే ఆ ఊరు మామూలుగానే కనిపించే ప్రమాదముంది. దానికి వేరే కొలతలు కావాలి: శాశ్వత దంతాలు వచ్చిన బడిపిల్లల్లో పళ్ల మీద మచ్చలున్నవాళ్లు నూటికి ఎంతమంది, పెద్దవాళ్లలో మెడ, నడుము వంచలేనివాళ్లు వయసువారీగా ఎంతమంది, తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఎంత. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5. ఇక్కడ కూడా వయసు గుంపులు ముఖ్యమే. మంచినీటి పథకం వచ్చాక పుట్టిన పిల్లల పళ్లను, అంతకు ముందు పుట్టినవాళ్ల పళ్లను కలిపి ఒకే శాతం చెబితే, నీళ్లు మారడం వల్ల జరిగిన మేలు కనిపించదు.